ఎత్తుపళ్ళకి ముహూర్తాల తొందర

ఈమధ్య మా కోటవురట్ల వైపు పెళ్ళిచూపులయ్యాక కొత్త రకం కబురొస్తోంది. "పిల్ల నచ్చింది, ఆ ముందు పళ్ళ సంగతి కాస్త చూసుకోండి" అని. కట్నం అడగడానికైనా కొందరు మొహమాటపడతారు గానీ, దీనికి అదీ లేదు. ఇది సలహా కింద లెక్క!

మా వీధిలో ఒకమ్మాయికి ఇలాగే అన్నారు. "మూడు నెలల్లో పెళ్ళంటున్నారు, ఏం చెయ్యమంటావు వదినా?" అని వాళ్ళమ్మ నన్నడిగింది. క్లిప్పులు వేస్తే పన్ను ఎముకలో మెల్లగా జరగాలి. మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. అయ్యాక కూడా రిటైనర్ పెట్టుకోకపోతే పళ్ళు మళ్ళీ పాత చోటికి జరుగుతాయి. మధ్యలో నెలనెలా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. విశాఖ అయితే బస్సు ఛార్జీ, ఆ రోజు కూలీ రెండూ పోయినట్టే.

అందుకే చాలామంది అడ్డదారి చూస్తారు. ముందు పళ్ళు అరగదీసి తొడుగులు వేయించేస్తే కొద్ది రోజుల్లో పనైపోతుంది కదా అని. అరగదీసిన ఎనామిల్ మళ్ళీ పుట్టదమ్మా. తొడుగులూ జీవితాంతం ఉండవు, ఎప్పుడో మార్చాలి. విరిగిన పన్నుకో, పుచ్చిన పన్నుకో వేయించడం వేరు. ఇరవై రెండేళ్ళ పిల్లకి గట్టిగా ఉన్న పళ్ళని అరగదీయడం నాకు ససేమిరా నచ్చదు. ఆ మాటే చెప్పాను. సంబంధం వాళ్ళు ఆగుతారో లేదో నాకనవసరం.

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో పెళ్ళి కుదిరిన 28 ఏళ్ళ అబ్బాయి నవ్వు అందంగా చేయించుకోవడానికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. మత్తుమందు ఎక్కువైందని వాళ్ళ నాన్నగారు ఆరోపించారు. అలాంటివి అరుదే. కానీ ముహూర్తం దగ్గరపడిందని మనం అడగాల్సిన ప్రశ్నలు మింగేస్తున్నాం చూడండి, నా బాధ అది.

తెల్లబరచడం గురించి రెండు ముక్కలు. డాక్టరు వాడేది పెరాక్సైడ్ జెల్. కొన్నాళ్ళు పళ్ళు జివ్వుమనొచ్చు. టీ, కాఫీ మానకపోతే రంగు మళ్ళీ వస్తుంది. తొడుగుల రంగు, ఫిల్లింగ్ రంగు మారవు. యూట్యూబ్ చూసి నిమ్మకాయ, వంటసోడా రుద్దేవాళ్ళకి మాత్రం ఒక దణ్ణం. నిమ్మ పులుపు ఎనామిల్‌ని తినేస్తుంది.

క్లిప్పులు వద్దని కాదు నేననేది. పళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కితే బ్రష్ అందదు, పుచ్చుతాయి. వేయిస్తే పది, పన్నెండేళ్ళకి చూపించి, పిల్ల తినడానికీ తోముకోవడానికీ వేయించండి. పెద్దయ్యాక తనకే కావాలనిపిస్తే తీరిగ్గా వేయించుకుంటుంది. మగపిల్లాడి ఎత్తుపళ్ళ గురించి ఎవరైనా కబురు పంపారా, నేనైతే వినలేదు.

ఇంతకీ ఇంట్లో పెద్దావిడ నోరు ఎవరైనా చూశారా? మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్ళు ఎంతమంది! నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగితే ఆ వేడికి అంగిలి కాలుతుంది, అక్కడ క్యాన్సర్ వస్తుంది. ముందు పళ్ళ కోసం వేలు అప్పు చేసే ఇల్లు, ఆవిడని నర్సీపట్నం దాకా తీసుకెళ్ళదు. మా పెద్దత్త అంగిట్లో ఒక తెల్ల మచ్చ కనిపించింది. వచ్చే సోమవారం తీసుకెళ్తున్నాను. మీ ఇంట్లోనూ ఒకసారి టార్చిలైటు వేసి చూడండి.