వెనక్కి పంపిన పనికి యజమాని ఎవరు?

మన సైన్సు విద్యార్థులకు కంప్యూటరు మీద పని మొదలుపెట్టడం బాగా వచ్చు. మొదలుపెట్టిన పని ఏమైందో చూసుకోవడం రాదు. ఈ మాట కొందరికి కటువుగా తోస్తుందని తెలుసు. కాని ఏడాదికొకసారి వచ్చే సంచికలో కూడా ఒకరినొకరం పొగుడుకుంటూ కూర్చుంటే ఇక చెప్పుకునేది ఎప్పుడు?

సంగతి ఇది. మన ల్యాబులో అందరికీ కలిపి ఒక లినక్సు యంత్రం వుంది. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నా లాగిన్ అయ్యేది దాంట్లోకే. ప్రాజెక్టుల్లో కొన్ని లెక్కలు, ఉదాహరణకు ఐసింగ్ నమూనాలో స్పిన్నులను లక్షలసార్లు తిప్పి చూడడంలాంటివి, గంటలకొద్దీ నడుస్తాయి. ల్యాబు సాయంత్రం 5 గంటలకు మూస్తారు. అప్పుడు మనవాళ్ళకు తెలిసిన కిటుకు ఒక్కటే: కమాండు చివర ఆంపర్‌శాండ్ గుర్తు పెట్టి ఎంటరు నొక్కడం. షెల్ ఒక నంబరు చూపించి మళ్ళీ మన చేతికి వచ్చేస్తుంది. పని వెనక్కి పోయింది, మనం హాస్టలుకు పోయాం. పొద్దున వచ్చి చూస్తే పనీ లేదు, ఫలితమూ లేదు. ఇక యంత్రాన్ని తిట్టడం మొదలు.

నిజానికి యంత్రం తప్పేమీ లేదు. వెనక్కి పంపినంత మాత్రాన ఆ పనికీ మన టెర్మినల్‌కీ చుట్టరికం తెగిపోదు. టెర్మినల్ కిటికీ మూసేసినా, మధ్యలో నెట్‌వర్కు పోయినా, కెర్నెల్ షెల్‌కు ‘సిగ్‌హప్’ అనే కబురు పంపుతుంది. సిగ్నళ్ళ పట్టీలో దాని నంబరు 1. టెలిఫోను లైను మీద మోడెమ్ పెట్టి దూరాన వున్న యంత్రంతో మాట్లాడిన రోజుల్లో, లైను పెట్టేస్తే అవతలివాడు వెళ్ళిపోయాడని తెలిపే కబురు అది. ఆ కబురును షెల్ తన కింద వున్న పనులన్నిటికీ అందజేస్తుంది. దాన్ని అందుకునే ఏర్పాటు చేసుకోని ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. తమాషా ఏమిటంటే, ‘ఎగ్జిట్’ అని కొట్టి మర్యాదగా బయటికొస్తే బాష్ షెల్ మామూలుగా ఆ కబురు పంపదు. అందుకే అదే పని ఒకరోజు బతుకుతుంది, ఒకరోజు చస్తుంది. కారణం తెలియనివాళ్ళు ఫలానా కుర్చీ కలిసొస్తుందనేదాకా వెళ్ళారు! సైన్సు విద్యార్థులం మరి.

కమాండుకు ముందు ‘నోహప్’ అని చేరిస్తే ఆ కబురును ప్రోగ్రాం చెవిని పెట్టదు. తెర మీదికి రావలసిన మాటలు నోహప్.అవుట్ అనే ఫైలులో పడతాయి. లేదంటే 1987లో వచ్చిన స్క్రీన్, 2007లో వచ్చిన టీమక్స్ వున్నాయి. అవి టెర్మినల్‌నే పదిలంగా పట్టుకుని వుంచుతాయి, మర్నాడు వచ్చి వదిలిన చోటే మళ్ళీ కూర్చోవచ్చు. ఇదంతా ఒక్క గంట పాఠం.

నా గొడవ దీని గురించి కాదు. నోహప్ తెలియనివాళ్ళకంటే తెలిసినవాళ్ళతోనే నాకు ఎక్కువ పేచీ. తెలియనివాడి పని చచ్చి ఊరుకుంటుంది, నష్టం వాడొక్కడిదే. తెలిసినవాడి పని చావదు. లెక్క తప్పుదారి పట్టి అంతులేని లూపులో తిరుగుతున్నా, మెమరీ అంతా తినేస్తున్నా, అది అలా నడుస్తూనే వుంటుంది. వాడు మాత్రం సెలవులకు ఊరెళ్ళి వుంటాడు. పక్క బల్ల దగ్గర ఫస్టియరు పిల్ల పది లైన్ల ప్రోగ్రాం నడపడానికి కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తూ వుంటుంది. ఆ అమ్మాయికి జరుగుతున్న నష్టం ఎవరి ఖాతాలో రాయాలి? ‘నైస్’ అని ఒక కమాండు వుంది, నా పని కాస్త ఆగినా ఫరవాలేదు, ముందు మిగతావాళ్ళను పోనివ్వమని చెప్పడానికి. దాన్ని వాడినవాణ్ణి ఈ మూడేళ్ళలో నేనొక్కణ్ణీ చూడలేదు.

యూనిక్సు కట్టినవాళ్ళు ఇంత నిర్లక్ష్యంగా ఆలోచించలేదు. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో 1969లో మొదలుపెట్టిన ఆ వ్యవస్థలో ప్రతి ప్రాసెస్‌కూ ఒక కన్నవారుంటారు. పిల్ల ప్రాసెస్ ముగిసినా దాని నంబరునూ, అది చివరికి చెప్పిన ఫలితాన్నీ కెర్నెల్ పట్టికలోంచి కొట్టేయదు. కన్న ప్రాసెస్ ‘వెయిట్’ అనే పిలుపుతో వచ్చి ఏమైందని అడిగేదాకా అట్టే పెడుతుంది. అడగకపోతే ఆ పిల్ల పట్టికలో ‘జాంబీ’గా మిగిలిపోతుంది. కన్న ప్రాసెసే ముందు పోతే పిల్లను సాధారణంగా 1వ నంబరు ప్రాసెస్ దత్తత తీసుకుని, ఆ అడగడమేదో తానే అడుగుతుంది. ఫలితం సున్నా అయితే క్షేమం, మరో సంఖ్య అయితే ఏదో చెడింది. ఇంత ఏర్పాటు చేసి పెడితే, ఆ సంఖ్య ఎంత అని అడిగేవాళ్ళు మనలో ఎందరు?

ఇక ఆపడం దగ్గరికి వస్తే మరీ మోటు. ‘కిల్’ అంటే మనవాళ్ళ చెయ్యి దానంతటదే 9 మీదికి పోతుంది. ఏమీ చెప్పకుండా కిల్ కొడితే పోయేది 15వ నంబరు కబురు. అది, బాబూ ఇక ముగించు అని చెప్పడం. ప్రోగ్రాం తెలివిగా రాసినదైతే తెరిచిన ఫైళ్ళు మూసి, తాత్కాలికంగా పెట్టుకున్నవి తుడిచి, అప్పుడు పోతుంది. 9 అలా కాదు. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, కాదనలేదు. సగం రాసిన ఫైలు సగంలోనే మిగులుతుంది. ముందు 15 పంపి, కాసేపు చూసి, అప్పటికీ లొంగకపోతేనే 9 అనే పద్ధతి నేర్పడానికి ఎంత సేపు పడుతుంది?

ఉద్యోగాల్లో వున్న పూర్వ విద్యార్థులు దీనికొక మందు చెబుతారు: “పడిపోతే అదే మళ్ళీ లేస్తుంది, అలా పెట్టేయ్.” ఎప్పుడూ తెర వెనుక నడుస్తూ వుండే ఇలాంటి పనులకు డీమన్లని పేరు. 1963లో ఎం.ఐ.టి.లో ప్రాజెక్టు మాక్ వాళ్ళు ఆ పేరును మన ఫిజిక్సులోని మాక్స్‌వెల్ డీమన్ నుంచి తీసుకున్నారు. (ఆ మాక్స్‌వెల్ డీమన్‌కైనా పని ఉచితం కాదని, జ్ఞాపకాన్ని చెరిపితే వేడి పుడుతుందని చూపించే మెట్టు 1961లో లాండావర్ వేశాడు.) ఇప్పుడు లినక్సులో వీటిని ఎక్కువగా 2010లో వచ్చిన సిస్టమ్‌డీ కనిపెట్టుకుని వుంటుంది. చచ్చిన పనిని మళ్ళీ లేపమంటే లేపుతుంది.

ఈ మాట వినగానే నాకు మా బోరు దగ్గరి ఆటో స్టార్టరు గుర్తుకొస్తుంది. పొలానికి కరెంటు విడతలు విడతలుగా, అర్ధరాత్రీ అపరాత్రీ ఇచ్చిన రోజుల్లో రైతు దాన్ని పెట్టించుకున్నాడు. చీకట్లో పాములకూ షాకులకూ భయపడుతూ పోయి మోటరు వేసే బాధ తప్పింది. రైతును నేను తప్పుపట్టను. అయితే కరెంటు రాగానే తనంతట తానే లేచే ఆ మోటరుకు బోరులో నీళ్ళున్నదీ లేనిదీ, మడి నిండి గట్టు దాటుతున్నదీ తెలియదు. నీళ్ళు లేక ఉత్తగా తిరిగి వైండింగు కాలితే తెల్లారాక గాని మనకు తెలియదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, భూగర్భ జలం అడుగంటుతుందని, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. తీసినవాళ్ళూ వున్నారు, తీయనివాళ్ళూ వున్నారు.

మళ్ళీ మళ్ళీ లేపడం వేరు, కనిపెట్టుకుని వుండడం వేరు. డిస్కు నిండిపోయి పడిపోయిన ప్రోగ్రామును వందసార్లు లేపినా వందసార్లూ పడుతుంది. పైగా పడ్డ ప్రతిసారీ లాగ్ ఫైలులో నాలుగు లైన్లు రాసి డిస్కును ఇంకాస్త నింపుతుంది. సిస్టమ్‌డీ చేసినవాళ్ళకు ఇది తెలుసు. అందుకే, వేరుగా చెప్పకపోతే, 10 సెకన్లలో 5 సార్లకు మించి లేపనని మొండికేసి, ఈ పని విఫలమైందని రాసి పెడుతుంది. ఆ హద్దును కూడా తీసేసి, ఎప్పుడూ నడుస్తోందని గర్వంగా చెప్పుకునేవాళ్ళు వున్నారని ఒక సీనియరు అన్నయ్య చెప్పగా విన్నాను.

“ఇది సిలబస్‌లో లేదు, కంప్యూటరు శాఖవాళ్ళ పని” అని మన లెక్చరర్లు అనవచ్చు. మరి కెమిస్ట్రీ ల్యాబులో రాత్రంతా రిఫ్లక్సు పెట్టి వెళ్ళేవాళ్ళు పక్కన చీటీ ఎందుకు పెడుతున్నారు? ఫ్లాస్కులో ఏముంది, ఎవరు పెట్టారు, ఎన్ని గంటలకు పెట్టారు అని రాయకుండా పోనిస్తారా? అక్కడ నిప్పు కనిపిస్తుంది, ఇక్కడ కనిపించదు. తేడా అంతే.

కాబట్టి యూనియన్ కార్యవర్గాన్ని నేను అడిగేది పెద్ద వరమేమీ కాదు. ల్యాబు గుమ్మం దగ్గర దారంతో కట్టిన ఒక పొడుగు నోటుబుక్కు, ఒక పెన్ను. రాత్రికి పని వదిలి వెళ్ళేవాళ్ళు పేరు, ప్రాసెస్ నంబరు, మొదలుపెట్టిన వేళ, ఎప్పటికి ముగియాలో, లాగ్ ఫైలు ఎక్కడుందో రాసి వెళ్ళాలి. మర్నాడు వచ్చి, చివరికి ఏ సంఖ్య వచ్చిందో ఎదురుగా వేయాలి. ప్రాక్టికల్ మార్కుల్లో 2 మార్కులు దీనికి కేటాయిస్తే లెక్చరర్లకు మేమంతా రుణపడి వుంటాం.

పుస్తకం వచ్చాక మొదటి పేజీలో ఇప్పుడు నడుస్తున్నవాటినే రాయాలి. సంక్రాంతి సెలవులకు ముందు మొదలై నేటికీ నడుస్తున్న పని ఒకటి వుంది. దాని యజమాని ఈ వ్యాసం చదివితే, దయచేసి ఒకసారి ల్యాబుకు వచ్చి వెళ్ళవలసిందిగా మనవి.