తుంగకు తోటలో తావు

తెలుగు వాచకములలో చెట్టుచేమల పేర్లకు కొదువ లేదు. ఆ పేర్ల కెదుట మనము వ్రాయించు అర్థములే మిక్కిలి పేదవి. ‘ఒక చెట్టు’, ‘ఒక తీగ’, ‘ఒక విధమైన గడ్డి’ - ఇంతటితో సరి. ముప్పది యేండ్లుగా నేనును అట్లే వ్రాయించితిని. తుదకు ఒక విద్యార్థి నా తప్పు దిద్దెను.

ఆనాడు శాకుంతలకథ చెప్పుచుంటిని. రెండవ అంకమున దుష్యంతుడు వేట చాలించి, అడవిపందులు మడుగులలో ముస్తలను నిర్భయముగా పెకలించుకొనవచ్చునని పలుకును. ముస్త యనగా తుంగ, తుంగ యనగా ఒక విధమైన గడ్డి యని చెప్పి ముందునకు సాగితిని. తరగతి ముగిసిన పిమ్మట వెనుకబల్ల విద్యార్థి యొకడు నా చెంతకు వచ్చి, “తుంగ గడ్డి కాదండీ మాస్టారూ. గడ్డికాడ గుండ్రంగా ఉంటుంది. తుంగకాడకు మూడు పలకలుంటాయి. మా ఇంట్లో తుంగచాపలు అల్లుతారండీ” అనెను. ఈ మాట అందరి యెదుట ఏల చెప్పలేదని యడిగితిని. “చాపలవాళ్ళమని నవ్వుతారండీ” అని తల వంచుకొనెను. నాకు సిగ్గు కలిగెను. వాని తెలివికి తరగతిలో చోటు లేకుండ చేసినది మనమే గదా!

వాడు చెప్పినది శాస్త్రసమ్మతము. గడ్డికాడ సామాన్యముగా గుండ్రముగా, కణుపులతో, లోన డొల్లగా నుండును; ఆకులు రెండు వరుసలలో పుట్టును. తుంగకాడ సామాన్యముగా మూడు పలకలతో, లోన గట్టిగా, కణుపులు లేక సాగును. ఆకులు మూడు వరుసలు. ఈ కుటుంబమున ఐదువేలకు పైగా జాతులు కలవు. ప్రాచీన ఈజిప్టువారు వ్రాతకు వాడిన పపైరస్ ఇందులోనిదే. ‘పేపరు’ అను మాటకు మూల మదియే. ఆయుర్వేదమున తుంగముస్త ఔషధము. ఇంతటి వంశగౌరవము గల మొక్కకు మన పాఠశాలల తోటలో దక్కునది పారదెబ్బ మాత్రమే.

రైతు తుంగను ద్వేషించుటకు కారణము లేకపోలేదు. 1977లో వెలువడిన ప్రపంచపు కలుపుమొక్కల గ్రంథమొకటి దానికే మొదటి స్థాన మిచ్చినది. పైకాడ పెరికినను నేలలోని గడ్డలు మిగిలి మరల మొలచును. కనుక పొలములోని తుంగను తోటలో నాటుడని నేననను. ఆ కుటుంబముననే తోటకు తగిన సాధువులు కలవు. చలిదేశములవారు అందమునకై పెంచు కేరెక్స్ జాతులలో పెక్కు మన యెండలకు తాళవు. మనకు తగినది గొడుగుతుంగ. నర్సరీలలో దీనిని ‘అంబ్రెల్లా పామ్’ అని యమ్ముదురు గాని, ఇది తాటిజాతి కాదు. ఆఫ్రికానుండి వచ్చిన తుంగయే. మూడు నాలుగడుగుల కాడ చివర ఆకులు గొడుగుపుల్లలవలె విచ్చుకొనును.

దీనికి ధన మక్కరలేదు. ఒక గొడుగును రెండంగుళముల కాడతో కత్తిరించి, ఆకులను సగమునకు తగ్గించి, తలక్రిందులుగా నీటిగ్లాసులో నుంచవలెను. రెండు మూడు వారములలో వేళ్ళును పిలకలును పుట్టును. అప్పుడు బంకమన్నును, మాగిన పశువులయెరువును కలిపిన కుండీలో నాటవలెను. ఇతర మొక్కలు పెక్కు నీరెక్కువై చచ్చును. ఇది నీరు చాలక వాడును. కుళాయినీరు పారుచోటు దీనికి స్వర్గము. ఆకుకొనలు మాడినచో దప్పిక యని యెరుగవలెను. ఎండిన కాడను మొదలంట కోసిన క్రొత్తకాడలు వచ్చును. కుండీ నిండినపుడు దుబ్బును చీల్చి పంచిపెట్టవచ్చును. రెండు జాగ్రత్తలు మరువరాదు: కుండీక్రింది పళ్ళెములో దోమలు పెరుగకుండ గులకరాళ్ళు నింపి వారమున కొకసారి నీరు మార్చవలెను; మిగిలిన మొక్కలను చెరువులలోను, కాలువలలోను పారవేయరాదు.

పరదేశపు మొక్క కింత ఆదరమేల యని కొంద రడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దాని ప్రక్కనే మరియొక కుండీలో మన చాపతుంగను పెంచుడు. రెండింటిని పోల్చి చూచిన పిల్లవాడు వృక్షశాస్త్రమును చేతివ్రేళ్ళతో నేర్చుకొనును. చాప లల్లువా రూరిలో నున్నచో ఒకనాడు వారిని బడికి పిలిచి, గురువులకు వేయు కుర్చీయే వారికిని వేయుడు. ఆ యింటి పిల్లలు తల యెత్తుకొని కూర్చుందురు.

మరుసటి యేడు అదే పాఠము చెప్పునాడు ఒక తుంగకాడను తరగతికి తీసికొనిపోయి చేతినుండి చేతికి పంపితిని. ఉపాధ్యాయ మిత్రులారా! ఈ వర్షాకాలమున మీ బడి కుళాయికడ ఒక తుంగకుండీ నుంచుడు. ‘ఒక విధమైన గడ్డి’ అను అర్థమును మాత్రము మీ పుస్తకములలో కొట్టివేయుడు.