ఇంటి పనిలోని సృష్టి

సృష్టియనగా కవిత్వమే, చిత్రలేఖనమే యని మనలో పలువురు విద్యావంతులు తలచుచున్నారు. వంటయింటను, మగ్గము చెంతను, చిల్లర యంగడిలోను బుద్ధికి పనిలేదనియు, పెద్దలు చేసినట్లు చేసిన చాలుననియు వారి మతము. ఇది తప్పని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము.

పోచంపల్లి రీతి చీర నేయుటకు ముందు ఆసు పోయవలెను. నూలును మేకుల చుట్టు త్రిప్పుచు, ఒక్క చీరకు చేతిని వేలమార్లు అటునిటు నాడింపవలెను. తరతరములుగా ఇది యింటి యాడువారి పని. వారి భుజములు నొచ్చుట అందరును చూచిరి. అది యంతే యని యూరకుండిరి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము ఊరకుండలేదు. బాల్యముననే బడి మానిన యాతడు, తల్లి బాధ చూడజాలక ఏండ్ల తరబడి శ్రమించి, 1999లో ఆసు యంత్రమును సాధించి, దానికి తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడెను. 2017లో ప్రభుత్వము ఆతనికి పద్మశ్రీ నొసగినది.

బిరుదు వచ్చిన పిమ్మట చప్పట్లు కొట్టుట సులభము. అట్టి బాలుడు మన తరగతిలో కూర్చున్నచో మనమేమి చేయుదుము? మేమును ఉపాధ్యాయులమే. లెక్కను తనదైన త్రోవలో చేసిన పిల్లవాని పుస్తకముపై, సమాధానము సరియైనను, తప్పు గుర్తు వేసిన చేయి మాదే. పొయ్యి చోటు మార్చెదనన్న కోడలికి అత్తగారును, ఖాతా వ్రాయు తీరు మార్చెదనన్న గుమాస్తాకు యజమానియు ఆ గుర్తే వేయుచున్నారు.

పాఠకులారా! సృజనశక్తిని క్రొత్తగా నాటనక్కరలేదు. మొలకను త్రుంపకున్న చాలును. మీ యింట ఎవరి భుజము నొచ్చుచున్నదో నేడే యడుగుడు. వారు చెప్పు నుపాయమును నవ్వక వినుడు.