పిట్టగోడ

ద్వితీయోపదేశకాండము 22:8 ఒకసారి తెరిచి చూడండి. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవడైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటిమీదికి వస్తుంది. పడ్డవాడు చూసుకొని నడవలేదు గదా అనే సాకు అక్కడ లేదు. మన మిషను ఆసుపత్రుల కమిటీలలో కూర్చునే సంఘ పెద్దలు ఈ వచనం తప్పక చదవాలి.

“మాది సేవ, వ్యాపారం కాదు. మామీద కేసులేమిటి?” అంటారు కొందరు. సుప్రీం కోర్టు 1995 నవంబరులోనే దీనికి జవాబిచ్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర ఫీజు తీసుకొని బీదలకు ఉచితంగా చూస్తే మాత్రం ఆ బీదవాడు కూడా నష్టపరిహారం అడగవచ్చు. నాకైతే ఇది న్యాయమే అనిపిస్తుంది. ఉచితం గనుక అజాగ్రత్తను కూడా బీదవాడు భరించాలా?

అదే 1995 ఫిబ్రవరిలో, లూథియానాలోని క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఒక రోగికి రాత్రివేళ ఊపిరాడలేదు. డాక్టర్లు వచ్చి ఆక్సిజన్ పెట్టించారు. సిలిండరు ఖాళీగా ఉందనీ, కొడుకే పక్క గదికి వెళ్లి ఇంకొకటి తెచ్చాడనీ, దాన్ని పనిచేయించే ఏర్పాటు లేక నిమిషాలు గడిచి తండ్రి చనిపోయాడనీ ఫిర్యాదు. 2005లో సుప్రీం కోర్టు డాక్టరుపై క్రిమినల్ కేసు కొట్టివేసింది. సిలిండరు సిద్ధంగా ఉంచనందుకు ఆసుపత్రి మాత్రం సివిలు కోర్టులో జవాబు చెప్పవలసి రావచ్చు అంది. ఆ ఫిర్యాదులో డాక్టరు చదువు గురించిన మాటే లేదు. పూటపూటా సిలిండరు చూసి పుస్తకంలో సంతకం పెట్టే మనిషి లేకపోతే ఎంత చదువైనా ఏం చేస్తుంది?

ఇక డబ్బు సంగతి. ఇన్సూరెన్సు కంపెనీకి ప్రీమియం కట్టే బదులు ఆసుపత్రి తానే నెలనెలా కొంత వేరుపెట్టుకోవచ్చు, యోసేపు అయిదవ భాగం నిలవచేయించినట్టు. చిన్న నష్టాలకు అది సరిపోతుంది. అయితే 2013లో కలకత్తా కేసు ఒకదానిలో సుప్రీం కోర్టు వేసిన పరిహారం దాదాపు 6 కోట్ల రూపాయలు! అటువంటి తీర్పు ఒక్కటి వస్తే పల్లెటూరి ఆసుపత్రి స్థలంతో సహా పోతుంది. కాబట్టి చిన్నవాటికి సొంత నిధి, పెద్దవాటికి పాలసీ, రెండూ ఉండాలి. ఆ నిధి బ్యాంకులో వేరే ఖాతాలో ఉండాలి. క్రిస్మస్‌కు గోడలకు రంగులు వేయాలని అందులోనుంచి తీస్తే అది నిధే కాదు.

వచ్చే కమిటీ మీటింగులో జమాఖర్చులు చదవకముందే ఒక ప్రశ్న అడగండి. నిన్న రాత్రి సిలిండర్లు ఎవరు చూశారు?