సర్వర్ డౌన్ అంటే తకదీర్ కాదు, బహానా

రంజాన్ నెలకి ముందు మా ఖాలాజాన్‌ని నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆస్పత్రి పేరు రాయను. రాస్తే మసలా ఆ ఒక్క ఆస్పత్రిదే అనుకుంటారు మీరు. రాత్రి తొమ్మిదిన్నర, ఆమెకి ఊపిరి అందట్లేదు. కౌంటర్లో కుర్రాడు స్క్రీన్ చూసి, "సర్వర్ డౌనండీ, ఇన్సూరెన్స్ అప్రూవల్ రాదు. ముప్పై వేలు కట్టండి, తర్వాత సర్దుదాం" అన్నాడు. ఖాలా కొడుకు ఆటో తోలతాడు. నేను హైదరాబాద్‌లో నైట్ డ్యూటీలో ఉన్నా, ఫోన్ సైలెంట్లో ఉంది. ఆ పిల్లాడు మల్లమ్మ సెంటర్ దాకా పరిగెత్తి, తెలిసినాయన దగ్గర అమ్మీ చేతిగాజులు రెండూ పెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చాడు. మా ఖాందాన్‌లో సూద్‌కి చెయ్యి చాపినోళ్లు అప్పటిదాకా లేరు.

సర్వర్ మర్నాడు పదకొండింటికి లేచింది. అల్‌హందులిల్లాహ్, ఖాలా కూడా లేచింది. డిపాజిట్ ఎనిమిది రోజులకి తిరిగొచ్చింది. వడ్డీ రాలేదు.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ఏం చేస్తాం బేటా, మన తకదీర్." ఈ మాట మీదే నా కోపం. పద్నాలుగేళ్లుగా సర్వర్లు కాసే నౌకరీ చేస్తున్నా. యంత్రం చెడిపోవడం తకదీర్ అంటే ఒప్పుకుంటా. డిస్కు పోతుంది, కరెంటు పోతుంది, ఎలుక వైరు కొరుకుతుంది. కానీ ఒకటి పోయాక పదమూడున్నర గంటలు ఇంకోటి లేవకపోవడం తకదీర్ కాదు. అది ఎవరో ఒకరు, ఏదో ఒకరోజు, ఏసీ గదిలో కూర్చుని చేసిన ఫైసలా.

ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసే అబ్బాయిని పట్టుకుని అడిగా.

"రెండో సర్వర్ లేదా నాయనా?"

"ఉంది సార్. స్టాండ్‌బై. కొని నాలుగేళ్లయింది."

"మరి పని దాని మీదకి ఎందుకు మార్చలేదు?"

"ఎప్పుడూ మార్చి చూళ్లేదు సార్. మారిస్తే ఏమన్నా అవుద్దేమోనని భయం."

అదీ సంగతి. నాలుగేళ్లు కరెంటు తాగింది, నాలుగేళ్లు లెక్కల్లో కనపడింది, కావాల్సిన ఒక్క రాత్రి దాన్ని ముట్టుకోవడానికి భయం.

ఈ పనిలో లేనివాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తా. ఆగకూడని పనికి రెండు సర్వర్లు పెడతారు. ఒకటి ఆక్టివ్, పనంతా అదే చేస్తుంది. రెండోది స్టాండ్‌బై, అంటే నాయబ్. రెండింటి మధ్య క్షణక్షణం ఒక సంకేతం నడుస్తుంటుంది, "ఉన్నా, ఉన్నా" అని. దాన్ని హార్ట్‌బీట్ అంటాం. ఆ చప్పుడు కొన్ని సెకన్లు ఆగితే నాయబ్ ముందుకొచ్చి, పాతదాని చిరునామా తన మీద వేసుకుని, పని అందుకోవాలి. దీని పేరు ఫెయిలోవర్. కౌంటర్లో కుర్రాడికి తేడా కూడా తెలియకూడదు.

మనకిది కొత్త మాటా? జమాఅత్ నడుస్తుండగా ఇమాం సాబ్‌కి వుజూ పోతే వెనక సఫ్‌లోంచి ఒకర్ని ముందుకి లాగి తాను తప్పుకుంటారు. హిజ్రీ 23లో హజ్రత్ ఉమర్ (రజి) మీద ఫజర్ నమాజ్‌లో కత్తిపోట్లు పడ్డప్పుడు, ఆయన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) చెయ్యి పట్టి ముందుకి నిలబెట్టారు. నమాజ్ పూర్తయింది. వెనక సఫ్‌లవాళ్లకి ఏం జరిగిందో తెలియలేదు, ఉమర్ గొంతు వినపడటం లేదన్నది తప్ప.

కాబట్టి సవాల్ ఒక్కటే: నాయబ్ ఎక్కడున్నాడు? మొదటి సఫ్‌లో, ఏ రకాత్ నడుస్తోందో తెలిసి నిలబడితే అది హాట్ స్టాండ్‌బై. ఆక్టివ్‌లో రాసిందంతా వెంటవెంటనే దీంట్లోనూ పడుతుంటుంది. వుజూఖానాలో ఉంటే వార్మ్. యంత్రం ఆన్‌లోనే ఉంటుంది, డేటా కాస్త వెనకబడి ఉంటుంది, పిలిచి నిలబెట్టాలి. ఇంట్లో పడుకునుంటే కోల్డ్. లేపాలి, బ్యాకప్ నుంచి డేటా ఎక్కించాలి, గంటలు పడుతుంది. ఈ మూడింట్లో ఏదీ తప్పు కాదు. ఇంట్లో పడుకున్నవాణ్ని మొదటి సఫ్‌లో ఉన్నాడని కాగితం మీద రాయడం తప్పు. అది ధోకా.

ఆక్టివ్-ఆక్టివ్ అని ఇంకో పద్ధతుంది, రెండూ పనిచేస్తాయి, పని పంచుకుంటాయి. అమ్మేవాళ్లు దీన్ని మహా గొప్పగా చెప్తారు. రెండు ఆటోల్లో ఏడుగురేసి కిక్కిరిసి ఉంటే, ఒకటి ఆగిపోయినప్పుడు పద్నాలుగు మందీ రెండోదాంట్లో పట్టరు. సగం ఖాళీగా నడిపే ఓపిక ఉన్నవాళ్లకే ఆ పద్ధతి.

ఇప్పుడు నా గుణా చెప్పుకుంటా, లేకపోతే ఈ రాతకి ఇన్సాఫ్ లేదు. ఏడెనిమిదేళ్ల కింద నా చేతిలో ఒక జత సర్వర్లుండేవి. స్క్రీన్ మీద రెండింటికీ పచ్చ దీపం. ఒక శుక్రవారం ఆక్టివ్ పడిపోయింది, నాయబ్ వెంటనే లేచింది. నేను షుకర్ చెప్పుకుంటుండగా ఫోన్లు మొదలయ్యాయి: పాత లెక్కలు కనపడుతున్నాయని. పందొమ్మిది రోజుల కింద ఎవరో పాస్‌వర్డ్ మార్చారు, అప్పట్నించీ డేటా నకలు ఆగిపోయింది. పచ్చ దీపం యంత్రం బతికుందని చెప్పింది, దానికి ఏం తెలుసో చెప్పలేదు. దీపం చూసి హాయిగా పడుకున్నది నేనే.

చిన్న ఊరి ఆస్పత్రులకే ఈ జబ్బు అనుకోకండి. 2021 ఫిబ్రవరి 24న మన ఎన్.ఎస్.ఈ. స్టాక్ ఎక్స్‌ఛేంజ్ పొద్దున 11:40కి ఆగిపోయి, మధ్యాహ్నం 3:45కి గానీ మళ్లీ తెరుచుకోలేదు. ముంబైలో పడితే అందుకోవడానికి చెన్నైలో రెండో కేంద్రం ఉంది. దాని మీదకి మారలేదు. ఆ తర్వాత నెలలోనే సెబీ నియమాలు బిగించింది: అరగంటలో ఆపద ప్రకటించాలి, ప్రకటించాక 45 నిమిషాల్లో పని మళ్లీ నడవాలి అని. నాకు నచ్చింది ఇంకోటి. 2024లో మార్చి 2న, మే 18న, రెండు శనివారాలు ప్రత్యేకంగా మార్కెట్ తెరిచి, అసలు కేంద్రంలో మొదలుపెట్టి అదే రోజు రెండో కేంద్రం మీదకి మార్చారు. నిజం కొనుగోళ్లు, నిజం డబ్బు, దేశమంతా చూస్తుండగా. స్టాండ్‌బై ఉందని చెప్పుకునే హక్కు అలా వస్తుంది.

మార్చడంలోనూ ఖత్రా ఉంది, ఆ అబ్బాయి భయం ఉత్తదేం కాదు. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్ వాళ్లకి అమెరికా తూర్పు తీరంలో 43 సెకన్లు లైను తెగింది. సాఫ్ట్‌వేర్ తనంతట తానే పడమటి తీరం సర్వర్లని ముందుకి నిలబెట్టింది. తూర్పున అప్పటికే రాసి, ఇంకా పంపని కొన్ని సెకన్ల రాతలు అక్కడే ఉండిపోయాయి. ఏ వైపు లెక్క అసలుది? తేల్చి సర్దడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఒకే జమాఅత్‌కి ఇద్దరు ఇమాములు నిలబడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. దీనికే మూడో సాక్షి యంత్రాన్ని పెడతాం, మెజారిటీ ఎటుంటే అటే ఆక్టివ్. అనుమానం ఉన్న సర్వర్‌కి కరెంటు తీసేసి మరీ కొత్తదాన్ని నిలబెడతాం. భయపడి ముట్టుకోకుండా ఉండటానికి కాదు, భయపడి నేర్చుకోవడానికి ఇవన్నీ ఉన్నాయి.

రెండూ ఒకే జబ్బుతో పడితే? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒకటి ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లని పడేసింది. పక్కన నాయబ్ ఉన్నా, దాంట్లోనూ అదే అప్‌డేట్ ఉంటే అదీ పడుతుంది. ఆరోజు శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు, ఒకటి దేశమంతా ఫోన్లలో తిరిగింది. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ కాగితం, ఆ పెన్ను నిఖార్సైన కోల్డ్ స్టాండ్‌బై, విమానం ఎక్కించింది. మరి దక్షిణ కొరియాలో, 2025 సెప్టెంబర్ 26న దేజాన్‌లోని సర్కారీ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకుంటే 600కి పైగా సేవలు ఆగాయి. ఉద్యోగుల ఫైళ్లు 858 టెరాబైట్లు, బయట నకలు లేకుండా, బూడిద. అంత టెక్నాలజీ ఉన్న ముల్కులో.

"రెండింతలు ఖర్చు భాయ్, చిన్న ఆస్పత్రి ఎక్కడ తెస్తుంది?" అంటారు. నేను హాట్ స్టాండ్‌బై అడగట్లేదు. ఖర్చు మాట తర్వాత, ముందు రెండు సవాళ్లకి జవాబు చెప్పండి: ఎన్ని గంటలు ఆగగలరు, ఎంత డేటా పోతే తట్టుకోగలరు? ఆ లెక్క కట్టేటప్పుడు గదిలో మేనేజరుంటాడు, అమ్మేవాడుంటాడు. ఆటో తోలే పిల్లాడుండడు. అందుకే వాళ్లు ఓ పూట ఆగినా ఫర్వాలేదనుకుంటారు, ఆ పూట ఖర్చు గాజుల రూపంలో ఇంకొకళ్లు కడతారు గనక. సర్వర్ లేవకపోయినా ఒక రిజిస్టరు తీసి, కార్డు నంబరు రాసుకుని, పేషెంట్‌ని లోపలికి తీసుకుని, అప్రూవల్ పొద్దున పంపొచ్చు. దానికయ్యే ఖర్చు ఒక నోటు పుస్తకం.

మన ఇళ్లలో పిల్లలు హైదరాబాద్‌లో, రియాద్‌లో, దుబాయ్‌లో ఇదే నౌకరీలో ఉన్నారు. బేటా, నీ చేతిలో ఉన్నది అమానత్. చివరిసారి ఎప్పుడు మార్చి చూశావు? నీ మేనేజరు వద్దంటే, వద్దన్నాడని రాతపూర్వకంగా తీసుకో. ఇంట్లోవాళ్లు కూడా ఇకనించి "సర్వర్ డౌన్" అని వినగానే తల ఊపి వెనక్కి రాకండి. "రెండోది ఏమైంది?" అని అడగండి. అర్థం తెలియకపోయినా ఫర్వాలేదు, కౌంటర్ అవతలవాళ్లకి తెలుసు.

ఆస్పత్రి అబ్బాయికి నాలుగు పేజీలు రాసిచ్చా: ముందు బ్యాకప్, తర్వాత నకలు సరిపోయిందో లేదో చూసే పద్ధతి, తర్వాత ఆక్టివ్ ఆపే వరస, మళ్లీ వెనక్కి తెచ్చే వరస. రెండు వారాలు జవాబు లేదు. నిన్న ఫోన్ చేశాడు. డాక్టరు గారు ఒప్పుకున్నారట, ఈ ఆదివారం రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా, కౌంటర్లో రిజిస్టరు పెట్టుకుని. "మీరూ పక్కనుంటారా సార్?" అన్నాడు. శనివారం రాత్రి బస్సుకి టికెట్ తీసుకున్నా.