నాలుగు నీళ్లు కడిగితే సరిపోతుందా?

మా ఇంట్లో ఆదివారం అంటే చికెన్. ఆయన ఎనిమిదింటికల్లా కొట్టిస్తారు. దారిలో టీ కొట్టు దగ్గర ఇద్దరు స్నేహితులు తగులుతారు. తర్వాత కూరగాయలు, పేపరు. ఇల్లు చేరేసరికి పదిన్నర. అప్పటిదాకా ఆ కిలో మాంసం నల్ల కవర్లో, బండి హ్యాండిల్‌కి వేలాడుతూ ఎండలో ఊరేగుతుంది. వచ్చి నా చేతిలో పెట్టి, "బాగా కడుగు" అంటారు.

ఈ "బాగా కడుగు" మీదే నా గొడవంతా.

మన ఇళ్లలో ఆడదాని శుభ్రతకి కొలత ఎన్ని నీళ్లు కడిగిందన్నదే. మా అత్తగారు నాలుగు నీళ్లంటారు. మా అమ్మ ఉప్పూ పసుపూ వేసి ఆరు నీళ్లంటుంది. నేనూ ఇరవై ఏళ్లు కుళాయి ధారగా తిప్పి, సింకులో అలాగే కడిగాను. పచ్చి కోడిమాంసం మీద సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ లాంటి క్రిములు ఉండొచ్చు. నీళ్లు వాటిని వదిలించలేవు, గుప్పెడు పసుపు వాటిని చంపలేదు. ధార కింద పెడితే తుంపర్లతో పాటు ఎగిరి, పక్కన బోర్లించిన గ్లాసుల మీద, తరిగిపెట్టిన కొత్తిమీర మీద పడతాయి. వాటిని చంపేది వేడి. ముక్క లోపలిదాకా 74 డిగ్రీల సెల్సియస్ తగలాలి. మన కూరలు ఎలాగూ తుకతుక ఉడుకుతాయి కనుక ఆ భయం తక్కువే. ముప్పంతా ఉడకని వాటితోనే.

ఇది నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. రెండేళ్ల కిందట మే నెలలో మా చిన్నదానికి వాంతులు, విరేచనాలు. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ "పిల్లకి ఏం పెట్టావమ్మా?" అని నన్నే అడిగారు. రెండున్నర గంటలు ఎండలో ఊరేగించిన మనిషిని ఒక్కరూ అడగలేదు. దేనివల్ల వచ్చిందో తేల్చి చెప్పలేమన్నారు డాక్టరుగారు. కానీ రాత్రంతా ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంటే నాకు కత్తిపీట కళ్ల ముందు కదిలింది. పెద్ద ముక్కలు చిన్నవి చేసిన దాన్నే ఓసారి నీళ్లతో తొలిచి, దాని మీదే ఉల్లిపాయ, కీరా చక్రాలు తరిగాను. కూర అందరం తిన్నాం. కీరా పళ్లెం మాత్రం అదే ఖాళీ చేసింది.

నా తప్పు లేదనను. కానీ ఇరవై ఏళ్లలో ఎన్ని నీళ్లని లెక్కపెట్టినవాళ్లే గానీ, ఆ కత్తిపీటని సబ్బుతో తోమావా అని అడిగినవాళ్లు లేరు.

"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, మేం బతకలేదా?" అంటారు పెద్దవాళ్లు. ఒప్పుకుంటాను. అప్పుడు పెరట్లో కోడిని కోసేవారు, గంటలో పొయ్యి మీదుండేది, ఆ పూటకే గిన్నె ఖాళీ అయ్యేది. నిలవ ఉండడానికి మిగిలిందెక్కడ? మనం ఆదివారం కొని గురువారం దాకా తింటున్నాం. అప్పటి ధైర్యం ఇప్పటికి పనికిరాదు.

"ఫ్రిజ్ ఉందిగా" అనేది రెండో ధీమా. ఫ్రిజ్ 4 డిగ్రీల లోపు ఉన్నా పచ్చి చికెన్ ఒకటి రెండు రోజులే. అదీ కింది అరలో, మూతబెట్టిన స్టీలు డబ్బాలో. పై అరలో కవర్లో పెడితే ఆ నీరు కారి కింద పెరుగు గిన్నెలో పడుతుంది. ఇక డీప్ ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర క్రిముల్ని నిద్రపుచ్చుతుందే గానీ చంపదు. గడ్డకట్టిన ముక్కని పొద్దున్నే గట్టు మీద పెట్టి వదిలేస్తే, లోపల గడ్డ కరిగేలోపు పైన అవి లేచి కూర్చుంటాయి. ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించాలి. అరకిలో పొట్లాలుగా దాస్తే ఎంత కావాలో అంతే తీయొచ్చు.

మిగిలిన కూర సంగతి మరీ అన్యాయం. మధ్యాహ్నం వండింది రాత్రిదాకా పొయ్యి మీదే ఉంటుంది. "మళ్లీ మరిగిస్తే పోతుందిలే" అంటాం. క్రిమి చావొచ్చు, అది వదిలిన విషం కొన్నిసార్లు మరిగినా పోదు. రెండు గంటల్లోపు, మన ఎండాకాలంలో అయితే గంటలోపే, వెడల్పాటి చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. "పారెయ్యకూడదు" అని మిగిలింది తినేది ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

కడగకుండా మనసొప్పదంటారా? ఈకలు, నెత్తురు ఉంటే బేసిన్‌లో నీళ్లు పోసి నెమ్మదిగా తీయండి, చిందకుండా పారబోయండి. ఆ తర్వాత సింకు, కత్తిపీట, చేతులు సబ్బుతో కడగండి. ఆ నాలుగు నీళ్ల ఓపిక అక్కడ చూపించండి.

మిగతా సగం బాధ్యత తెచ్చేవాళ్లది. పోయిన ఆదివారం ఆయనకి మూతున్న స్టీలు డబ్బా ఇచ్చి, కూరగాయలు ముందు, చికెన్ చివర, అక్కణ్ణుంచి నేరుగా ఇంటికని చెప్పాను. "షాపులో నవ్వుతారు" అన్నారు.

"నవ్వనివ్వండి. పిల్లకి సెలైన్ ఎక్కుతుంటే వాళ్లెవరూ వచ్చి కూర్చోలేదుగా" అన్నాను. డబ్బా పట్టుకుని వెళ్లారు. తొమ్మిదింటికల్లా వచ్చేశారు.