మన పెద్దల పళ్లెంలో ఏముంది?

అంగన్‌వాడీలో పసిపిల్లల బరువు నెలనెలా తూస్తారు. అదే ఇంట్లో ఉన్న నాయనమ్మ బరువు ఎవరూ తూయరు. పోయిన క్రిస్మస్‌కు సరిపోయిన జాకెట్టు ఇప్పుడు వదులైతే ‘వయసు మీద పడింది కదా’ అని ఊరుకుంటాం. చాలాసార్లు అది వయసు కాదు, తిండి చాలకపోవడం. 2017–18లో దేశవ్యాప్తంగా జరిగిన ‘లాసీ’ అధ్యయనం ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో నూటికి 27 మంది ఉండవలసినదానికంటే తక్కువ బరువున్నారు. అలాంటివారికి గాయాలు త్వరగా మానవు, చిన్న జ్వరానికే మంచం పడతారు.

మన కాజీపేట రైల్వే ఊరు. పింఛను వస్తున్నా ఒంటరిగా బతుకుతున్న పెద్దలు మన కాలనీల్లో ఉన్నారు. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. వీరికి కొరత డబ్బు కాదు. ‘ఒక్క ప్రాణానికి ఏం వండుకుంటాం’ అని పొద్దుటి అన్నంలోనే రాత్రి ఇంత తొక్కు కలుపుకుంటారు. ఇంకోవైపు, 2019లో 2,016 రూపాయలైన ఆసరా పింఛనుతో నెలంతా నెట్టుకొచ్చే వితంతువులున్నారు. రేషన్ బియ్యం కడుపు నింపుతుంది కానీ, కండ నిలవాలంటే పప్పు, గుడ్డు, పాలు కావాలి. పళ్లు ఊడితే నమలలేరు. కొన్ని మందులు ఆకలిని చంపుతాయి. తనతో యెరూషలేముకు రమ్మని దావీదు పిలిచినప్పుడు ఎనభై ఏళ్ల బర్జిల్లయి చెప్పుకున్న ఇబ్బందుల్లో తిండి రుచి తెలియకపోవడం కూడా ఒకటి.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. వైద్యులు వాడే ‘మినీ న్యూట్రిషనల్ అసెస్‌మెంట్’ చిన్న రూపంలో ఆరే అంశాలుంటాయి. మూడు నెలలుగా తిండి తగ్గిందా, బరువు తగ్గారా, లేచి తిరగగలుగుతున్నారా, ఈమధ్య పెద్ద జబ్బు గానీ దుఃఖం గానీ కలిగిందా, మతిమరుపు లేదా దిగులు ఉందా అని అడుగుతారు. చివరిది ఎత్తుకు తగ్గ బరువు. తూయడం కుదరకపోతే టేపుతో పిక్క చుట్టుకొలత చూస్తారు; 31 సెంటీమీటర్లకు తగ్గితే జాగ్రత్తపడాలి. మొత్తం 14 మార్కులకు 8 నుంచి 11 వస్తే ముప్పు పొంచి ఉందని, 7 లేదా అంతకన్నా తక్కువైతే పోషకాహార లోపం ఉన్నట్టేనని లెక్క.

వృద్ధుల ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం 2010–11లోనే మొదలైంది. అయితే ఆసుపత్రి దాకా నడవలేనివారి గడప తొక్కేది ఎవరు? మంచం పట్టినవారికి ఇంటికి దివ్యసత్ప్రసాదం తీసుకెళ్లేవారు, ప్రార్థన కోసం వెళ్లే సంఘ స్త్రీలు ఆ వంటగదిని చూస్తూనే ఉన్నారు. పది నిమిషాలు శిక్షణనిస్తే ఈ ప్రశ్నలు వారే అడగగలరు. రోజువారీ పంపకంలో తమ వితంతువులను పట్టించుకోవడం లేదని ఆది సంఘంలో సణుగు పుట్టింది కాబట్టే అపొస్తలులు ఏడుగురిని ఏర్పాటు చేయించారు. మన పెద్దలైతే సణగరు కూడా. అడిగితే ‘తిన్నాను బిడ్డా’ అంటారు.

తపస్సు కాలం సంగతి కూడా చెప్పాలి. కతోలిక నియమం ప్రకారం 59 ఏళ్లు నిండినవారికి ఉపవాస బాధ్యత లేదు. అయినా బక్కచిక్కిన అవ్వలు పస్తులుంటుంటే మనం భక్తి అని మెచ్చుకుంటున్నాం. విచారణ గురువులు ఈ సంగతి పీఠం మీది నుంచి చెబితే బాగుంటుంది.

లోపం కనబడ్డాక ఏటా ఒక దుప్పటి, ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి చేతులు దులుపుకుంటే ఉపయోగం లేదు. ముందు డాక్టరుకు చూపించాలి; మూత్రపిండాల జబ్బు, షుగరు ఉన్నవారికి ఏం పెట్టాలో వారే చెప్పాలి. ఆపైన పక్కింటివారు వంతులవారీగా ఒక పూట కూర పంపినా, వారానికి రెండుసార్లు కలిసి కూర్చుని తిన్నా తేడా తెలుస్తుంది. పోప్ ఫ్రాన్సిస్ 2021లో ప్రారంభించిన తాత, అవ్వల దినం జూలై నాలుగో ఆదివారం వస్తుంది. ఆ రోజు శాలువాలు కప్పే బల్ల మీద ఒక కొలత టేపు, ఒక తూకం యంత్రం, పేర్లు రాసుకునే పుస్తకం కూడా ఉంచండి. మూడు నెలల తర్వాత అదే పుస్తకం పట్టుకుని మళ్లీ ఆ ఇళ్లకు వెళ్లండి.